పర్వాలేదని రాశారు

మా తోటికోడలు ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది. పదకొండేళ్ళుగా అదే బడి. ఆమె గొంతు పెద్దది. రెండు గదుల అవతలికి వినపడుతుందని పిల్లలు ఆమెకు గంట మేడం అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమే నవ్వుతూ మాకు చెప్పింది. అలాంటి మనిషి ఒక సాయంత్రం మా వంటగది గుమ్మంలో నిలబడి, "అక్కా, ఏడెనిమిదులు యాభై ఆరేగా?" అని అడిగింది.

నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. పరాచికం అనుకున్నాను. తలెత్తి చూస్తే ఆమె చేతిలో సగం దిద్దిన జవాబు పత్రం ఉంది, ఎర్ర పెన్ను మూత తీసి ఉంది, ముఖంలో నవ్వు లేదు.

"యాభై ఆరే," అన్నాను.

"అదే. నేనూ అదే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని అడిగా."

కింది వాటాలో మేము ఉంటాం, పై వాటాలో ఆమె, మా మరిది. సాయంత్రం భోజనం మాత్రం అందరికీ మా ఇంట్లోనే, ఒకే బల్ల మీద. ఆమె బడి నుంచి వచ్చే వేళ నాకు తెలుసు, నాలుగూ ముప్పావు. ఈ మధ్య గేటు చప్పుడు వినిపించాక మెట్లెక్కే చప్పుడు వినిపించడం లేదు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. మొదటి మెట్టు మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఫోను చూడటం లేదు. ఎవరి కోసమూ ఎదురుచూస్తున్నట్టు లేదు. గడియారం వైపు చూశాను. పద్నాలుగు నిమిషాలు అలాగే ఉంది. తర్వాత లేచి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పైకి వెళ్ళింది. చెప్పులు చేత్తో ఎందుకు పట్టుకుందో నాకిప్పటికీ తెలియదు.

ఆ సోమవారం భోజనాల దగ్గర ఆమె రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

ఒకటి ఫారం. వచ్చే ఏడాది పనిలో ఉంటారా, ఉండరా అని బడివాళ్ళు ప్రతి టీచరునూ అడుగుతారు. కొనసాగుతాను అని ఒక గడి, కొనసాగను అని ఒక గడి. శుక్రవారం మధ్యాహ్నంలోగా ఆఫీసులో ఇచ్చెయ్యాలి. ఇన్నేళ్ళూ ఆ ఫారాన్ని ఆమె స్టాఫ్ రూములో టీ తాగుతూ, గ్లాసు దించకుండానే నింపేసేదట. ఈసారి రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి.

రెండోది అరచేతికంటే చిన్న చీటీ. తేదీ, తరగతి, పీరియడు, వాటి కింద 'అభిప్రాయం' అని అచ్చు వేసి ఉంది. దాని ఎదురుగా చేతిరాతతో ఒకే మాట. పర్వాలేదు.

"హెడ్ మేడం రాశారు. ఈ ఏడాది ఇది మూడోది. మూడింటిలోనూ ఇదే మాట," అంది. "మొదటిదానికి చివర చుక్క పెట్టారు. మిగతా రెండింటికీ పెట్టలేదు."

చుక్క వరకూ వెళ్ళిందంటే సంగతి ముదిరిందని నాకు అప్పుడే అనిపించాల్సింది.

హెడ్ మేడం ఆ బడికి వచ్చి రెండేళ్ళు. రాగానే ప్రతి తరగతి గదిలోనూ వెనక గోడ దగ్గర ఒక పసుపు రంగు ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. ఆమె ఎప్పుడైనా వెనక తలుపులోంచి వచ్చి అందులో కూర్చోవచ్చు. కూర్చున్నవాళ్ళ వైపు టీచరు చూడకూడదు, పలకరించకూడదు. పిల్లల్నే చూస్తూ పాఠం సాగించాలి. ఇది స్టాఫ్ రూము గోడకు అంటించిన రూలు. పది నిమిషాలు కూర్చుని ఆమె లేచి వెళ్ళిపోతుంది. సాయంత్రానికి చీటీ టీచరు అరలో ఉంటుంది.

"పాత హెడ్మాస్టరు గారైతే గుమ్మంలోనే నిలబడి, ఏంటమ్మా ఆ కేకలు, గోడలక్కూడా లెక్కలొచ్చేసేలా ఉన్నాయి అనేవారు," అంది మా తోటికోడలు. "ఆయన ఏమంటున్నారో తెలిసేది."

"తిట్టా, పొగడ్తా?" అన్నాను.

"రెండూను. అయినా తెలిసేది."

మా మరిదికి కళ్ళద్దాల షాపు ఉంది. పెళ్ళాం దిగులుగా ఉంటే చూడలేడు, చూడలేక ఏదో ఒకటి మాట్లాడేస్తాడు. "పర్వాలేదంటే బాగున్నట్టేగా! దానికింత బుర్ర బద్దలుకొట్టుకోవడం దేనికి?" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "నా షాపులో అయితే వేరనుకో."

"ఏంటి వేరు?" అంది ఆమె.

"అద్దాలు మార్చి మార్చి పెడుతూ, కనిపిస్తోందా, కనిపిస్తోందా అని అడుగుతానా. కనిపిస్తే కనిపిస్తోందనే అంటారు. పర్వాలేదు అన్నారంటే ఇంకా మసగ్గా ఉందని. అప్పుడు ఇంకో అద్దం తీస్తాను."

మావారు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, నీళ్ళు అయిపోయినా దించలేదు. తనేమన్నాడో మా మరిదికి మరో రెండు ముద్దలు తిన్నాక గానీ తెలియలేదు.

"అంటే, నా ఉద్దేశం అది కాదు," అన్నాడు.

"మీ ఉద్దేశం నాకెందుకండీ? నాకు ఆవిడ ఉద్దేశం కావాలి."

"బడిలో ఇంకెవరినైనా అడక్కపోయావా?" అన్నాను నేను.

"అక్కడ చీటీ ఎవరూ చూపించరక్కా. రాగానే మడిచి పర్సులో. పోయిన నెల సైన్సు మేడానికి బాగుంది అని వచ్చిందని పుకారు పుట్టింది. అప్పట్నుంచి ఆవిడొస్తే మాటలాగిపోతాయి. పాపం, మొన్న నన్ను పక్కకి లాక్కెళ్ళి, నాకు రాలేదండీ, నమ్మండి అని ఒట్టు పెట్టింది. బాగుంది అని రాలేదని ఒట్టు!" ఆమె నవ్వబోయి మానేసింది. "నేను హిందీ చెప్పే భాషా సారుకొక్కడికి చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, పర్వా అంటే లెక్కచేయడం, పర్వా లేదు అంటే లెక్కలేదు, లెక్కల మేడానికి లెక్కలేదని రాశారు, సరిపోయింది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆపుకోవడం ఆమె చూసింది.

"సరే అక్కా, వాళ్ళందర్నీ వదిలెయ్. నిన్న నేను చేసిన కూర ఎలా ఉందని అడిగితే నువ్వు పర్వాలేదన్నావు. అంటే ఏంటి?"

"అంటే... బాగానే ఉందని."

"బాగానే. బాగా కాదు."

"ఉప్పు కాస్త తక్కువైంది," అన్నాను చివరికి. "చెబితే నొచ్చుకుంటావని."

"ఉప్పు తక్కువైందంటే ఉప్పు వేసేదాన్నిగా అక్కా," అంది. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. అని కాగితాలు రెండూ తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

నేను ఈ ఇంటికి వచ్చి పందొమ్మిదేళ్ళు. ఎవరు మడత పెట్టిన దుప్పటి అంచులు కలవకపోయినా నాకు కనిపిస్తుంది. కనిపించినవన్నీ చెబితే కాపురం సాగదని ఒక మాట పట్టుకున్నాను. ఆ మాటతో ఎవరినీ నొప్పించలేదనే అనుకుంటూ వచ్చాను. ఆ పూట గిన్నెలు కడుగుతూ, ఇన్నేళ్ళలో ఎంతమందికి ఏయే ఉప్పులు చెప్పకుండా మింగానో లెక్కపెట్టబోయి వదిలేశాను.

మంగళవారం ఆమె దిద్దిన జవాబు పత్రాల కట్ట మా బల్ల మీదే మరిచిపోయింది. ఐదో పీరియడుకి పంచాలని ముందురోజు అంది. ఫోను చేస్తే ఎత్తలేదు, బడిలో ఫోన్లు అరలో పెట్టెయ్యాలట. నేనే కట్ట తీసుకుని బయల్దేరాను.

ఆ బడి లోపలికి నేను వెళ్ళడం అదే మొదటిసారి. మూడంతస్తులు, పొడుగాటి వరండాలు, గోడల నిండా వరసగా అంటించిన చార్టులు. అంతమంది పిల్లలున్న చోట ఉండాల్సిన గోల లేదు. రెండో అంతస్తుకి ఎక్కాక మాత్రం ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో అనుకుంటూ కిటికీ పక్కన ఆగిపోయాను.

మా తోటికోడలు తరగతి గది నేల మీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చాక్‌పీసుతో గీత గీసింది. నడిమధ్యన సున్నా, అటు ప్లస్ అంకెలు, ఇటు మైనస్ అంకెలు. తను సున్నా మీద నిలబడి ఉంది.

"మైనస్ అంటే ఏంట్రా? వెనక్కి తిరగడం. ఇదిగో, తిరిగాను. ఇప్పుడు ఇంకో మైనస్ ఇచ్చారు. అంటే వెనక్కి నడవాలి. నడుస్తున్నా. ఎటు పోతున్నాను?"

"ప్లస్ వైపుకి మేడం!"

"మూడడుగులు, రెండుసార్లు. ఒకటి, రెండు..."

"బల్ల మేడం, బల్ల!"

ఆమె నడుము బల్ల అంచుకి తగిలింది. తరగతంతా నవ్వింది, అందరికంటే పెద్దగా ఆమే నవ్వింది. "తగిలితే తగిలింది. ఎక్కడున్నాను?"

"ఆరు మీద!"

"నేనేమైనా మాయ చేశానా?"

"లేదు మేడం!"

"మరి మూడు మైనస్సులు వస్తేనో మేడం?" అని ఒక పిల్ల అడిగింది.

"అడగాల్సిందే అది. నువ్వు రా. నువ్వు నడువు, మేం చూస్తాం."

నేను డిగ్రీలో లెక్కలు చదివాను. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో నాకెవరూ ఇలా నడిచి చూపించలేదు. కట్ట చంకలో పెట్టుకుని నిలబడి, ఆ పిల్ల ఎటు నడుస్తుందో చూస్తున్నాను. అప్పుడే ఆయా వచ్చింది.

"ఎవరమ్మా మీరు? పీరియడ్ నడుస్తున్నప్పుడు వరండాలో నిలబడకూడదు."

"ఈ కాగితాలు మేడానికి ఇచ్చి వెళ్ళిపోతాను."

"బెల్లు కొట్టేదాకా మేడాన్ని పిలవకూడదు. లోపల కూర్చోండి. ఇట్రండి." నేను కాదనేలోగా వెనక తలుపు తీసి నన్ను లోపలికి పంపింది. కూర్చోవడానికి అక్కడ ఒకటే కుర్చీ ఉంది. కూర్చున్నాక గానీ అది పసుపు రంగుదని చూసుకోలేదు.

తలుపు కిర్రుమంది. చివరి బెంచీలో ఎవరో దగ్గారు. ఆ తర్వాత జరిగినది చెప్పడానికి పట్టేటంత సేపు కూడా జరగడానికి పట్టలేదు. నడుస్తున్న పిల్ల గబగబా వెళ్ళి తన చోట కూర్చుంది. ముందు వరసలో ఒకమ్మాయి కాలితో నేల మీది సున్నాను తుడిచేసింది. పుస్తకాలన్నీ ఒకేసారి వెనక్కి తిరిగి ఇంకేదో పేజీ దగ్గర ఆగాయి. మా తోటికోడలు బోర్డు వైపు తిరిగి, చేత్తో జుట్టు సర్దుకుని, "భిన్నాల భాగహారం" అని రాసింది.

ఆ అక్షరాలు గుండ్రంగా, కాపీ పుస్తకంలోవాటిలా ఉన్నాయి. గొంతు బస్టాండులో మైకులోంచి వచ్చే గొంతులా ఉంది. ప్రశ్న సగంలో ఉండగానే పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెబుతున్నారు. వాళ్ళకది కొత్త పాఠం కాదని నాకు రెండో ప్రశ్నకే తెలిసింది. ఆమె ఒక్కసారి కూడా వెనక గోడ వైపు చూడలేదు.

ముప్పావుని అరతో భాగించమని లెక్క ఇచ్చింది. బోర్డు మీద చేసి, ఒకటిన్నర అని రాసింది. సరైన జవాబే. రాసి, చాక్‌పీసు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత ఆ ఒకటిన్నరను చేత్తో చెరిపేసి, మూడు బై ఎనిమిది అని రాసింది.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇందాక నేల తుడిచిన అమ్మాయి లేచి, చిన్నగా, "మేడం, ముందు రాసిందే..." అంది.

"కూర్చో. అందరూ రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. మూడు బై ఎనిమిది.

బెల్లు కొట్టాక ఆమె కళ్ళు దించుకుని పుస్తకాలు సర్దుతుంటే, నేను ముందుకు వెళ్ళి కట్ట బల్ల మీద పెట్టాను.

"అక్కా! నువ్వా?" అంది. గుండె మీద చెయ్యి వేసుకుంది. "నువ్వా ఆ కుర్చీలో? ఓరి దేవుడా, నా ప్రాణం పోయింది కదే!" పదేళ్ళలో నన్ను కదే అనడం అదే మొదలు. పిల్లలు నోరు మూసుకుని నవ్వుతున్నారు.

సాయంత్రం నాలుగూ ముప్పావుకి ఆమె మెట్ల మీద కూర్చోలేదు. సరాసరి మా వంటగదిలోకి వచ్చి స్టూలు లాక్కుంది.

"ఆ భిన్నాల పాఠం ఎప్పుడో మొదట్లో అయిపోయిందక్కా. అది కుర్చీ పాఠం. ప్రతివాళ్ళకీ ఒకటుంటుంది. కుర్చీ నిండితే పిల్లలు దగ్గుతారు, అందరం ఆ పాఠంలోకి వెళ్ళిపోతాం. నేను నేర్పలేదు, వాళ్ళే నేర్చుకున్నారు. ఈ ఏడాది ఇవాళ్టితో నాలుగోసారి." స్టూలు ముందుకు జరుపుకుంది. "సరే, నువ్వు చూశావుగా. ఎలా చెప్పాను? పర్వాలేదు అన్నావంటే ఇంట్లోంచి వెళ్ళిపోతాను."

నేను చేతులు తుడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. కిటికీలోంచి విన్న పాఠం చెప్పాను. నడవడం, బల్ల తగలడం, ఆ పిల్ల అడిగిన ప్రశ్న, దానికి ఆమె ఇచ్చిన జవాబు. అంత బాగా పాఠం చెప్పేవాళ్ళని నేను చూడలేదన్నాను. తర్వాత రెండోది కూడా చెప్పాను.

"ఒకటిన్నర సరైనదే. ఎందుకు చెరిపావు?"

"ఏ ఒకటిన్నర?"

"ముప్పావు బై అర. ముందు ఒకటిన్నర రాశావు. చెరిపేసి మూడు బై ఎనిమిది రాశావు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను హాస్యమాడుతున్నానేమో అని వెతికినట్టు చూసింది. "లేదక్కా. నేనేం చెరపలేదు."

"చెరిపావు. చేత్తో."

ఆమె కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. కడుక్కున్న చెయ్యే. అయినా చాలాసేపు చూసుకుంది. "నాకు గుర్తులేదు," అంది. "ఆ క్లాసులో ఉన్నది నేనే కదా? నాకు గుర్తులేకపోతే ఎలా?"

మొదటి పాఠం గురించి చెప్పిన నాలుగు మంచి మాటల్లో ఒక్కటీ ఆమె చెవికెక్కలేదు. చెరిపిన అంకె ఒక్కటే ఎక్కింది. మర్నాడు పొద్దున్నే ఫోనులో ముప్పావుని అరతో భాగిస్తోందని మా మరిది వచ్చి చెప్పాడు. "వదినా, నువ్వేమన్నావు దానితో?" అని అడిగాడు. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికే. నాకే తెలియలేదు. పర్వాలేదు అని ఊరుకుని ఉంటే మేలు చేసినదాన్నయ్యేదాన్నా? ఉప్పు తక్కువైందని చెప్పమన్నది తనే కదా?

బుధవారం ఆమె బడికి వెళ్ళి వచ్చింది. భోజనాలయ్యాక ఫారం తీసి, కొనసాగను అన్న గడి పక్కన పెన్ను ఆనించి, గీత గియ్యకుండా పట్టుకుని కూర్చుంది.

"ఇవాళ హెడ్ మేడం గదికి వెళ్ళాను," అంది ఉన్నట్టుండి. "రేపు మూడో పీరియడుకి మా క్లాసుకి రండి మేడం అన్నాను. ఆవిడ తెల్లబోయారు. రెండేళ్ళలో పిలిచినవాళ్ళు లేరట. కుర్చీ పాఠం చెప్పను. మైనస్సులే చెబుతాను. పిల్లలకి దగ్గొద్దని కూడా చెప్పేశాను."

"ఎందుకు?" అన్నాడు మా మరిది.

"ఆవిడ ఇప్పటిదాకా చూసిందంతా ఒకటే పాఠం. అందుకే ఒకటే మాట రాస్తున్నారేమో. రేపు అసలుది చూసి వేరే మాట రాస్తారు. బాగుందన్నా సరే, ఇదేం అరుపులు, ఇదేం గంతులు అన్నా సరే. మాట మారితే చాలు, నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది. దాన్నిబట్టి ఏదో ఒక గడి నింపేస్తాను."

మా మరిది నా వైపు చూశాడు. లెక్కల టీచరు కదా, లెక్క సరిగానే ఉందనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం నుంచి గేటు వైపే ఒక చెవి పెట్టి ఉన్నాను. గేటు చప్పుడైంది, మెట్ల చప్పుడు కాలేదు. నేనే బయటికి వెళ్ళి మొదటి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"బెల్లు కొట్టేదాకా కూర్చున్నారక్కా. ఎప్పుడూ పది నిమిషాలే. ఇవాళ పీరియడంతా. నేను రూలు తప్పి ఒకసారి వెనక్కి చూశాను. నవ్వుతున్నారు. ఒట్టు. వెక్కిరింపు నవ్వు కాదు. ఒకడు మైనస్సులో మునిగి గోడకి తగిలితే ఆవిడే, జాగ్రత్త బాబూ అన్నారు."

"మరి?"

సంచిలోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టింది. తేదీ, తరగతి, పీరియడు. అభిప్రాయం: పర్వాలేదు.

చీటీ తిప్పి వెనకవైపు కూడా చూశాను.

"నేనూ చూశాను. వెనకేం లేదు," అంది. "ఉండబట్టలేక వెళ్ళి అడిగేశాను. మేడం, పర్వాలేదంటే ఏంటి అని. ఆవిడ కళ్ళజోడు తీసి, పర్వాలేదంటే పర్వాలేదనే కదమ్మా, ఎందుకు, ఎవరైనా ఏమైనా అన్నారా అన్నారు. అది కాదు మేడం, బాగుందనా, బాగాలేదనా అన్నాను. అప్పుడు కుర్చీ చూపించారు. కూర్చోమ్మా, మీ గురించి నాకు బెంగ లేదు, అందుకే అలా రాస్తాను, బెంగ ఉన్నవాళ్ళకి పిలిచి గంటసేపు చెబుతాను అన్నారు. రెండేళ్ళుగా నన్ను పిలవలేదు చూశారా అని కూడా అన్నారు, అదేదో బహుమతి ఇచ్చినట్టు."

"అయితే మంచిదేగా!" అన్నాను. నిజంగానే గుండె తేలికపడింది. "నిన్ను మెచ్చుకుంటున్నట్టేగా ఇన్నాళ్ళూ!"

"అలాగే అనుకుని గది బయటికొచ్చాను. మెట్లు దిగేటప్పటికి ఇంకోలా అనిపించింది. బెంగ లేదంటే బాగా చెబుతున్నాననా, పట్టించుకోవాల్సిన పని లేదనా? నడిచిన పాఠానికీ పర్వాలేదు, చచ్చిన పాఠానికీ పర్వాలేదు. ఆవిడకి రెండూ ఒకటేనా? ఒకటేనైతే ఆ నవ్వేంటి? భాషా సారన్నది జోకో నిజమో కూడా తెలీడం లేదిప్పుడు."

"మళ్ళీ అడక్కపోయావా?"

"ఆవిడ టేబుల్ మీద ఇంతెత్తు ఫైళ్ళున్నాయక్కా. ఫోను మోగుతూనే ఉంది. ఎత్తి, అవును సార్, పంపిస్తాను సార్, సారీ సార్ అంటున్నారు. ఆ గొంతు విన్నాక అడగాలనిపించలేదు. నా కుర్చీ గొంతు లాగే ఉంది."

అన్నం కుక్కరు కూత వేస్తోంది, ఎన్ని వేసిందో నేను లెక్కపెట్టలేదు. మా మరిది వచ్చి, మేమిద్దరం మెట్టుకి అడ్డంగా కూర్చుని ఉండటం చూసి, పైకి వెళ్ళాలో వద్దో తెలియక గేటు దగ్గరే నిలబడ్డాడు.

"రండి, తొక్కుకుంటూ పొండి," అంది ఆమె.

"ఏం రాశారు?"

"అడగొద్దు."

అతను తొక్కుకుంటూనే పోయాడు.

శుక్రవారం పొద్దున ఆమె మా బల్ల దగ్గర నిలబడే ఫారం నింపింది. నేను పక్క నుంచి చూశాను. కొనసాగుతాను అన్న గడిలో టిక్కు పెట్టింది. సంతోషంగా పెట్టినట్టు లేదు, విసుగ్గా పెట్టినట్టూ లేదు. సంతకం చేసి, ఆ సంతకాన్ని కాసేపు చూసి మడిచింది.

"ఎందుకు?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఈ పిల్లలే వచ్చే ఏడాది ఎనిమిదికి వెళతారు. అక్కడ సమీకరణాలు మొదలవుతాయి. ఆ మూడు మైనస్సుల పిల్లకి సమీకరణాలు నేనే చెప్పాలనుంది. ఎనిమిదో తరగతి ఇమ్మని అడుగుతాను. రాత్రి నుంచీ వెతికితే దొరికిన కారణం ఇదొక్కటే. చాలదని నాకూ తెలుసు."

"మరి ఆ చీటీ?"

"అది ఏమిటో నాకు తెలీదక్కా. తెలుస్తుందని కూడా అనుకోవడం లేదు."

ఆ సాయంత్రం ఆమె చెప్పింది. ఫారం తీసుకుని ఆఫీసుకి వెళితే గుమాస్తా తల ఎత్తకుండానే చెయ్యి చాచాడట. మడత విప్పి చూడకుండా మిగతావాటి కింద పెట్టి, కట్టకి రబ్బరు బ్యాండు వేశాడట. ఆమె అక్కడే నిలబడి ఉందట.

"ఇంకేమైనా ఉందా మేడం?" అన్నాడట అతను.

"ఏమన్నావు?" అన్నాను.

"ఏమనాలి? ఏదో అడగాలనే నిలబడ్డాను. ఏమిటో గుర్తు రాలేదు. లేదండీ అన్నాను. ఈలోగా బెల్లు కొట్టేశారు, క్లాసుకి వెళ్ళిపోయాను."

"అంతేనా?"

"అంతే," అంది. "మూడు మైనస్సులు ఇవాళ ఇంకో సెక్షనుకి చెప్పాను. వాళ్ళకి అర్థమైందో లేదో మాత్రం తెలీలేదు. సోమవారం అడగాలి."